శ్లీపదం – నిత్య పాదశౌచం



దేవాలయంలోకి ప్రవేశించే ముందు కాళ్లు కడుక్కోవడం మనకు ఆచారం. పెద్దలు ఇంటికి వస్తే మొదట కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. షోడశోపచారాలలో భగవంతునికి ఆవాహనం, ఆసనం అయిన వెంటనే సమర్పించేది పాద్యమే. ఇంత గౌరవం పొందిన పాదశౌచం ఒక దీర్ఘవ్యాధికి దినదిన చికిత్స కూడా కాగలదని ఈ నెల పాఠంలో వివరించదలచాను.

ఆ వ్యాధిని మన నెల్లూరు సీమలో బోదకాలు అంటారు. ఏనుగుకాలు అనే వారూ ఉన్నారు. వైద్యులు ఫైలేరియా అంటారు. సంస్కృత వైద్యగ్రంథాలలో దీని పేరు శ్లీపదం. శిలవలె గట్టిపడిన పాదం గనుక శ్లీపదమని పెద్దలు నిర్వచించారు. దీనిని గ్రంథాలలో చదివి మాత్రమే వ్రాయడం లేదు. ముప్పది ఏళ్లకు పైగా నా ఎడమకాలు ఈ వ్యాధిని మోస్తున్నది. వాకాడు వంటి తీరప్రాంత గ్రామాలలో నా వంటి వారు, ముఖ్యంగా నా వయస్సు వారు, ఇంకా ఉన్నారు. పంచె కుచ్చెళ్ల క్రింద, చీర అంచు క్రింద కాలును దాచుకొని తిరుగుతారు గనుక లోకానికి తెలియదు.

శాస్త్రం చెప్పినది

సుశ్రుత సంహిత నిదానస్థానం పన్నెండవ అధ్యాయంలో శ్లీపద లక్షణాలు ఉన్నాయి. వాత, పిత్త, కఫ భేదాలతో మూడు విధాలని, మూడింటిలోను కఫమే ప్రధానమని ఆచార్యుడు చెప్పాడు. అంతకన్నా గమనింపదగిన మాట మరొకటి ఉన్నది. పాత నీరు ఎక్కువగా నిలిచి ఉండే ప్రదేశాలలో, అన్ని ఋతువులలోను చల్లగా ఉండే ప్రదేశాలలో ఈ వ్యాధి విశేషంగా పుడుతుందని ఆయన గుర్తించాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో, దోమకూ ఈ వ్యాధికీ గల సంబంధం తెలియని కాలంలో, నిలువ నీటికీ ఈ కాలికీ సంబంధం ఉన్నదని చూడగలిగిన దృష్టి అది.

మా వీధిలోని ఒక అమ్మ కొన్నేళ్లుగా దేవాలయానికి రావడం మానేసింది. కారణం అడిగితే, "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో అయ్యవారూ, ఈ కాలు పెట్టుకొని స్వామి ముందు ఎట్లా నిలబడేది?" అన్నది. కుమార్తెకు వచ్చిన సంబంధం ఒకటి తల్లి కాలు చూసి తప్పిపోయిందట. నేను ఆమెకు చెప్పినదే ఇక్కడ మీకూ చెబుతున్నాను. "అమ్మా, సుశ్రుతుడు ఈ వ్యాధి ఎక్కడ పుడుతుందని చెప్పేటప్పుడు నీటిని చూపించాడు, నేలను చూపించాడు. నీ వైపు వేలు చూపలేదు." ఇది తాకితే అంటే వ్యాధి కాదు. ఒకే పంక్తిలో భోజనం చేస్తే రాదు. తీర్థం పుచ్చుకుంటే రాదు. తల్లికి వాపు ఉన్నంత మాత్రాన బిడ్డకు పుట్టుకతో రాదు. ఒకే ఇంట ఇద్దరికి కనబడితే కారణం రక్తసంబంధం కాదు, ఆ ఇంటి చుట్టూ ఉన్న దోమలు.

అదే అధ్యాయంలో సంవత్సరం దాటిన శ్లీపదాన్ని, మిక్కిలి పెరిగినదానిని, పుట్టవలె బొడిపెలు లేచినదానిని విడిచిపెట్టవలసిన వాటిలో చేర్చారు. ఈ మాట వినగానే చాలామంది నిరాశ చెందుతారు. అయితే మన వైద్యశాస్త్రంలో సాధ్యం, అసాధ్యం అనే రెండే మాటలు లేవు. నడుమ యాప్యం అనే మాట ఉన్నది. పూర్తిగా పోదు, కాని పథ్యంతో, నిత్యచర్యతో అదుపులో ఉంటుంది. అదే యాప్యం. సుశ్రుతుడు సూత్రస్థానంలో దీనికొక ఉపమానం చెప్పాడు. ఒరిగిపోతున్న ఇంటికి సరిగ్గా పెట్టిన ఊతకొయ్య ఎట్లా నిలుపుదల ఇస్తుందో, యాప్యరోగికి తగిన చికిత్స అట్లా నిలుపుదల ఇస్తుందని దాని భావం. ఊతకొయ్య ఇంటిని కొత్తది చేయదు, పడిపోనివ్వదు. కొయ్య తీసివేసిన నాడు ఇల్లు నిలువదు. నా కాలిని నేను ఈ యాప్యవర్గంలోనే ఉంచుకున్నాను. ఈ వ్యాసానికంతటికీ ఆధారం ఈ ఒక్క మాటే.

కాలువ పూడిన పొలం

వ్యాధి ఎట్లా కలుగుతుందో తెలిస్తే చేయవలసిన పని ఎందుకు చేయాలో తెలుస్తుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్సు జాతి దోమ, రక్తంలో ఫైలేరియా క్రిమి పిల్లలున్న మనిషిని కుట్టినప్పుడు వాటిని తనలోకి తీసుకుంటుంది. పది పన్నెండు రోజులు దాటాక అవి దోమలో ఎదిగి, అది మరొకరిని కుట్టినప్పుడు వారిలో ప్రవేశిస్తాయి. ఒక్కసారి కుట్టినంత మాత్రాన వ్యాధి రాదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి అనేకసార్లు కుట్టిన తరువాత వస్తుంది. పెద్ద క్రిములు దారం వలె సన్నగా ఉంటాయి. ఆడక్రిమి 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇవి శోషరస నాళాలలో ఆరు నుంచి ఎనిమిదేళ్లు జీవిస్తాయి. వీటి పిల్లలు రక్తంలో రాత్రివేళ ఎక్కువగా సంచరిస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలికొన నుంచి రక్తం తీసుకొనేవారు. అది చూసి జంకవలసిన పని లేదు.

శోషరస నాళాలంటే ఏమిటి? స్వర్ణముఖి ఆయకట్టు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పొలంలోకి నీరు వచ్చే కాలువ ఒకటి, మిగులునీరు పోయే కాలువ మరొకటి ఉండాలి. మిగులుకాలువ పూడిపోతే పైరు నీటిలో నిలిచి కుళ్లుతుంది. శరీరంలో కణాల నడుమ మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే మిగులుకాలువలే శోషరస నాళాలు. క్రిములు ఆ కాలువలను ఉబ్బించి, లోపలి తలుపులను పాడుచేస్తాయి. ద్రవం క్రిందికి దిగి పాదంలో నిలుస్తుంది. నిలిచిన చోట రోగనిరోధక శక్తి తగ్గుతుంది. కాలివ్రేళ్ల సందులలో చిన్న పగులు ఏర్పడినా, ఒరిసినా, దాని గుండా సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. వణుకుతో జ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి మండుతుంది, గజ్జలలో బిళ్లలు కడతాయి. అట్టి జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ చర్మం మరికొంత గట్టిపడుతుంది, వాపు మరికొంత పెరుగుతుంది. కనుక కాలును ఏనుగుకాలుగా మార్చేది క్రిమి ఒక్కటే కాదు, మాటిమాటికీ వచ్చే ఈ జ్వరాలు కూడా.

చికిత్సకు దారి ఇక్కడే దొరికింది. బ్రెజిల్ దేశంలోని రెసీఫే నగరంలో జెర్‌సా డ్రేయర్ అనే వైద్యురాలు, కాలును రోజూ సబ్బుతో కడిగి పొడిగా ఉంచుకొనే పేదరోగులకు ఈ జ్వరాలు తగ్గుతున్నాయని చూపి, ఆ పద్ధతిని రోగులకే నేర్పే సంఘాలను ఏర్పరచింది. ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ బోదకాలు వారికి చెప్పే నియమాలకు మూలం ఇదే. మన పొరుగున కేరళలోని కాసరగోడులో డాక్టర్ ఎస్.ఆర్. నరహరి నిర్వహణలోని చర్మవైద్య సంస్థ ఈ శౌచానికి ఆయుర్వేద ద్రవ్యాలను, యోగ వ్యాయామాన్ని, శ్వాసక్రియను, కట్టు కట్టే విధానాన్ని జోడించి, ఇంటివద్దనే చేసుకొనేట్లు రోగులకు నేర్పుతున్నది. పాత శాస్త్రానికీ కొత్త శాస్త్రానికీ ఇక్కడ తగవు లేదు.

తెలుగువాని మందు

ఈ వ్యాధికి నేటికీ వాడుకలో ఉన్న ప్రధానౌషధం డైఇథైల్ కార్బమజీన్. దీనిని 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువరించిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మరుసటి ఏడే, 1948లో, ఆయన పరలోకగతులైనారు. 2004 నుంచి మన దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా ఇంటింటికీ పంచుతూ వచ్చిన మాత్రలలో ఇది ఒకటి, రెండవది ఆల్బెండజోల్. 2027 నాటికి దేశంలో ఈ వ్యాధి వ్యాప్తిని అరికట్టాలని ప్రభుత్వ లక్ష్యం.

ఇక్కడ జనంలో ఒక సందేహం ఉన్నది. "నేను మాత్ర మింగాను, కాలు తగ్గలేదు, ఇక ఎందుకు?" అంటారు. మాత్ర పని వేరు, శౌచం పని వేరు. మాత్ర రక్తంలోని క్రిమి పిల్లలను నశింపజేసి, దోమ ద్వారా మరొకరికి పోకుండా ఆపుతుంది. చెడిన కాలువను అది తిరిగి త్రవ్వదు. అంటే మాత్ర మన మనుమల కాళ్ల కోసం, శౌచం మన కాలి కోసం. మాత్రలు పంచే ప్రాంతాలలో సిబ్బంది ఎదుటనే, భోజనానంతరం, వయస్సును బట్టి ఇచ్చినన్ని మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అస్వస్థతలో ఉన్నవారికి ఇవ్వరు. మింగిన తరువాత కొందరికి కొద్దిపాటి జ్వరం, తలనొప్పి రావచ్చు. క్రిములు చచ్చేటప్పుడు కలిగే వికారం అది.

నిత్యవిధి

సంధ్యావందనానికి వేళ ఉన్నట్లే దీనికీ వేళ ఉండాలి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకొనే ముందు ఒకసారి చేస్తే ఉత్తమం. ఒక్కసారే వీలైతే రాత్రి చేయండి.

మొదటిది పరిశీలనం. మంచి వెలుతురులో కూర్చొని వ్రేళ్ల సందులు, చర్మపు మడతలు, అరికాలు చూడాలి. వంగలేనివారు ఇంటివారిచేత చూపించుకోవాలి. పగులు, తెల్లగా నానిన చర్మం, దురద, దుర్వాసన ఉన్నవేమో గమనించాలి.

రెండవది ప్రక్షాళనం. కాలును శుభ్రమైన నీటితో తడపాలి. వేడినీరు పనికిరాదు, మామూలు నీరే కావాలి. సామాన్యమైన ఒంటిసబ్బు నురుగుతో మోకాలి నుంచి క్రిందికి, ప్రతి మడతలోను, ప్రతి వ్రేలి సందులోను చేతితో మెల్లగా రుద్దాలి. ఇటుకముక్క, బ్రష్షు, పీచు వాడరాదు. కడిగిన నీరు తేటగా వచ్చేవరకు నీళ్లు పోయాలి. వాపు లేని రెండవ కాలిని కూడా ఇట్లే కడగాలి.

మూడవది తుడవడం. ఎక్కువమంది ఉపేక్షించేది దీనినే. మెత్తని ఉతికిన గుడ్డతో అద్ది తుడవాలి, రాయరాదు. వ్రేళ్ల సందులలో సన్నని నూలుగుడ్డ పేలికను దూర్చి తడి లేకుండా చేయాలి. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలోని స్నాతకధర్మాలలో, తడికాళ్లతో భోజనం చేయడాన్ని అంగీకరించి, తడికాళ్లతో శయనించడాన్ని నిషేధించారు. రాత్రి కాళ్లు కడిగి తుడవకుండా పడుకొనే వారు ఈ ధర్మాన్ని గుర్తుంచుకోవాలి.

నాలుగవది లేపనం. వ్రేళ్ల సందులు నానినా, దురద ఉన్నా శిలీంధ్రనాశకమైన లేపనాన్ని, గాయముంటే వైద్యుడు చెప్పిన పుండు మందును రాయాలి. చర్మం పొడిబారితే కాలిమీద కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు, వ్రేళ్ల సందులలో మాత్రం వద్దు. బలంగా మర్దన చేయించడం, వాతలు పెట్టించడం, గాట్లు పెట్టించి రక్తం తీయించడం, ఆకుపసరులతో బిగించి కట్టించడం ఏ మాత్రం తగదు. పుండుకు కొత్త ద్వారం తెరవడమే అవుతుంది.

అయిదవది ఎత్తు. కూర్చున్నప్పుడు కాలిని వ్రేలాడవేయక, ఎదుట పీటమీదనో దిండుమీదనో చాపాలి. పడుకొనేటప్పుడు మంచం కాళ్లవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి కొంచెం ఎత్తు చేయాలి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు వైద్యుని అడగకుండా ఈ పని చేయరాదు.

ఆరవది వ్యాయామం. గోడ పట్టుకొని నిలబడి మడమలు ఎత్తి దించాలి. కూర్చొని పాదాన్ని చీలమండ దగ్గర గుండ్రంగా త్రిప్పాలి, వ్రేళ్లను పైకి క్రిందికి వంచాలి. పది పదిహేనుసార్లు చొప్పున, దినానికి రెండు మూడు పర్యాయాలు చాలు. పిక్క కండరం కదిలినప్పుడు నిలిచిన ద్రవం పైకి సాగుతుంది.

ఏడవది పాదరక్ష. వదులుగా, గాలి ఆడేట్లు, ఒరుసుకోకుండా ఉండాలి. వాపు ఉన్న కాలికి బిగువైన మెట్టెలు, పట్టీలు ఉంటే సడలించుకోవడం మేలు. సుమంగళీ చిహ్నం రెండవ కాలికి ఉన్నా చాలునని మా ఇంట నేను చెబుతూ ఉంటాను.

జ్వరం వచ్చిన నాడు

వణుకు, జ్వరం, కాలు ఎర్రబడి నొప్పి అనే లక్షణాలు కనబడితే ఆ దినం వ్యాయామం మానాలి. విశ్రాంతి తీసుకొని, కాలిని ఎత్తుగా ఉంచి, చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేయాలి. నీళ్లు ఎక్కువగా త్రాగాలి. ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. సూక్ష్మజీవనాశక ఔషధం వైద్యుడు ఇచ్చినన్నాళ్లు పూర్తిగా వాడాలి. రెండు రోజులకు జ్వరం తగ్గిందని మానరాదు.

కాలివాపు ఉన్న ప్రతివారూ బోదకాలు వారు కారు. రెండు కాళ్లూ ఉబ్బి ఆయాసం వస్తే గుండె కావచ్చు. ముఖం కూడా ఉబ్బితే మూత్రపిండాలు కావచ్చు. ఒక కాలు ఉన్నట్టుండి ఉబ్బి పిక్క నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అది ఆనాడే ఆసుపత్రికి పోవలసిన స్థితి. పురుషులలో వృషణాలలో నీరు చేరడం కూడా ఈ క్రిమివల్లనే కలుగుతుంది. దానికి శస్త్రచికిత్స ఉన్నది, సిగ్గుపడి దాచుకోనక్కరలేదు. కనుక మొదట వైద్యునిచేత నిర్ణయం చేయించుకొని, ఆ తరువాతనే ఈ నిత్యవిధి ఆరంభించాలి.

ఫలమేమి, వ్యయమేమి

ఈ విధిని ఒక ఆరోగ్య కార్యకర్త మా ఇంటి వసారాలో కూర్చొని, బకెట్టు, చెంబు పెట్టుకొని చేసి చూపించి నేర్పింది. అంతకు ముందు వర్షాకాలంలో నెలకొకసారి జ్వరంతో పడుకొనేవాడిని. ఇప్పుడు ఏడాదికి ఒకటి వచ్చినా అరుదు. వాపు పూర్తిగా పోలేదు, పోతుందని మీకు ఆశ పెట్టను. అయితే చర్మం మెత్తబడింది, దుర్వాసన పోయింది, ఉదయం దేవాలయం దాకా నడిచి వచ్చి ప్రదక్షిణం చేయగలుగుతున్నాను. నాకయ్యే వ్యయం నెలకు రెండు సబ్బులు, అప్పుడప్పుడు ఒక లేపనం గొట్టం, ఏడాదికి రెండు తువ్వాళ్లు. దేవునికి కొట్టే కొబ్బరికాయల ఖర్చును మించదు. తొట్టి, చెంబు, సబ్బు, తువ్వాలు, లేపనం గల సంచిని ప్రభుత్వం ఆరోగ్య కేంద్రాల ద్వారా రోగులకు ఉచితంగా ఇస్తున్నది. అడిగి తీసుకోండి. రెండు కాళ్లకూ వ్యాధి తీవ్రదశకు చేరినవారికి మన రాష్ట్రంలో పింఛను ఏర్పాటు కూడా ఉన్నది. గ్రామ సచివాలయంలో విచారించండి.

దేవాలయంలో

యాత్రికులకు కొన్ని మాటలు. వాపు ఉన్నవారు బండలు కాలకముందే, తెల్లవారి వేళ దర్శనానికి రండి. వరుసలో నిలువవలసి వస్తే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. పుష్కరిణిలో కాలు పెట్టినా, తడి ప్రాంగణంలో నడిచినా బయటికి రాగానే మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడుచుకోండి. సంచిలో ఒక తుండుగుడ్డ వేరుగా పెట్టుకోండి. పాదరక్షలు లేకుండా దీక్షలో నడవాలనుకొనే వారు, కాలిమీద పుండు ఉన్నన్నాళ్లు ఆ నియమాన్ని వాయిదా వేసుకోండి. కుమారసంభవం అయిదవ సర్గలో బ్రహ్మచారి వేషంతో వచ్చిన శివుడు పార్వతిని, శక్తికి తగ్గట్టుగానే తపస్సు చేస్తున్నావు కదా అని అడుగుతాడు. తపస్సును స్వీకరించవలసిన స్వామియే ముందు శరీరాన్ని గురించి విచారించాడు.

దాతలకు ఒక విన్నపం. అన్నదానానికి, గోపూజకు మీరిచ్చే ద్రవ్యంలో కొంత ఈ పాదసేవకు కేటాయించండి. ప్రతి దేవాలయంలోను కాళ్లు కడుక్కొనే కొళాయి ప్రక్కన, కూర్చొని కడుక్కొనేందుకు ఒక అరుగు, సబ్బు ఉంటే చాలు. ఆ నీరు గుంటలో నిలువక పోయేందుకు మూసిన కాలువ కూడా కావాలి. దేవుని నీరే దోమకు ఇల్లు కాకూడదు. గ్రామాలలో మరుగుదొడ్డి తొట్టి గాలిగొట్టాలకు సన్నని వల కట్టించడం, మురుగు గుంటలు పూడ్పించడం, పేద ఇండ్లకు దోమతెరలు ఇవ్వడం కూడా పుణ్యకార్యాలే. ఇవన్నీ చిన్న వ్యయంతో అయ్యే పనులు.

మీ ఇంట, మీ వీధిలో ఈ వ్యాధి గలవారు ఎవరైనా ఉంటే ఈ పుటలు చదివి వినిపించండి. చదివినంతతో ఊరుకోక, మొదటి రోజు దగ్గర కూర్చొని నీళ్లు పోయండి. పైన చెప్పిన అమ్మకు ఆమె కోడలు రెండు నెలలుగా అట్లా నీళ్లు పోస్తున్నది. గడచిన ఏకాదశినాడు ఆ అమ్మ ధ్వజస్తంభం దాకా వచ్చి నమస్కరించి వెళ్లింది.